ఒక్క అంగుళం ప్రొపెల్లర్ తేడాకే మోటార్ ఎందుకు కాలుతుంది? ఎలక్ట్రిక్ ఆర్సీ విమానాల వెనక లెక్క

క్లుప్తంగా: రేడియో రిమోట్‌తో నడిచే (ఆర్సీ) ఎలక్ట్రిక్ మోడల్ విమానంలో కరెంటు ఎంత లాగాలో తేల్చేవి ప్రొపెల్లర్ సైజు, బ్యాటరీలోని సెల్స్ సంఖ్య, మోటార్ కేవీ (ఒక్కో వోల్టుకు ఎన్ని చుట్లు తిరుగుతుందో చెప్పే అంకె). మిగతా భాగాలు ఆ భారాన్ని మోస్తాయి, లేదా మోయలేక కాలిపోతాయి. బరువు కొంచెం పెరిగినా నేలకు తగిలే దెబ్బ బాగా పెరుగుతుంది. లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీ గాలిలో కన్నా అలమరాలోనే ఎక్కువగా పాడవుతుంది. 2022లో డ్రోన్ల దిగుమతి ఆగి విడిభాగాలకు దారి తెరిచే ఉండటంతో, ఈ లెక్కలు తెలిసి కట్టుకోవాల్సిన అవసరం మన దగ్గర పెరిగింది.

ఇంజినీరింగ్ కాలేజీ ప్రాజెక్టు కోసమో, సరదాకో ఆర్సీ విమానం కట్టాలనుకునేవాళ్లకు ఆన్‌లైన్ షాపుల్లో ముందుగా కనిపించేది ఒక కాంబో: 2212 సైజు బ్రష్‌లెస్ మోటార్, 30 ఆంపియర్ల ఈఎస్‌సీ (మోటార్ వేగాన్ని నియంత్రించే సర్క్యూట్), 1045 ప్రొపెల్లర్, నాలుగు చిన్న నీలం సర్వోలు (రెక్క, తోక పలకలను కదిపే చిన్న మోటార్లు). దీంతో కట్టిన విమానాల్లో ఒకటి హాయిగా పది నిమిషాలు ఎగురుతుంది. అదే కాంబోలా కనిపించే మరొకటి అర నిమిషంలో పొగలు కక్కుతుంది. ఇంకొకటి చేతి నుంచి వదలగానే ముక్కు పైకెత్తి, పక్కకు ఒరిగి, నేలలోకి దూరుతుంది. తప్పు ఎక్కడుందో తెలియక ఇంకా పెద్ద మోటార్ కొంటారు. సమస్య పెద్దదవుతుంది.

భాగాలను విడివిడిగా చూసి కొనడం వల్లే ఈ గందరగోళం. ఎలక్ట్రిక్ విమానంలో ఏ భాగాన్ని మార్చినా మిగతావాటి మీద భారం మారుతుంది. ఎంత మారుతుందన్నది స్కూలు స్థాయి గుణకారాలతో ముందే తెలుసుకోవచ్చు.

## ఆముదం వాసన నుంచి లిపో దాకా

రేడియోతో నడిచిన ఎలక్ట్రిక్ మోడల్ విమానం తొలిసారి అధికారికంగా నమోదైంది 1957 జూన్‌లో, బ్రిటన్‌లో. కల్నల్ టాప్లిన్ ఎగరేసిన ఆ ‘రేడియో క్వీన్’లో సిల్వర్-జింక్ బ్యాటరీ ఉంది. అయినా ఆ తర్వాత నాలుగు దశాబ్దాలు ఈ హాబీని ఏలింది గ్లో ఇంజిన్లే. మిథనాల్, నైట్రోమీథేన్‌తో పాటు లూబ్రికేషన్ కోసం ఆముదం కలిపిన ఇంధనం, చెవులు చిల్లులు పడే చప్పుడు, ఎగరేసిన ప్రతిసారీ రెక్కల మీద జిడ్డు. ఇన్ని ఇబ్బందులున్నా ఎలక్ట్రిక్ వైపు పోకపోవడానికి కారణం బరువు.

1990లలో వాడిన ఏడు సెల్స్ నికెల్-కాడ్మియం ప్యాక్ దాదాపు 400 గ్రాములు తూగేది. 8.4 వోల్టులు, 1.7 ఆంపియర్ అవర్లు అనుకుంటే అందులో పట్టే శక్తి 14 వాట్ అవర్లు. ఇప్పుడు అందరూ వాడే 2200 ఎంఏహెచ్ 3ఎస్ (మూడు సెల్స్ వరుసగా కలిపిన) లిపో ప్యాక్ సుమారు 180 గ్రాములు ఉంటుంది. అందులో 24 వాట్ అవర్లకు పైగా పడుతుంది. బరువు సగం కన్నా తక్కువ, శక్తి ఒకటిన్నర రెట్ల కన్నా ఎక్కువ. పైగా పాత బ్రష్ మోటార్లు తీసుకున్న కరెంటులో పెద్ద వాటాను వేడిగా, బ్రష్‌ల రాపిడిగా పోగొట్టేవి. బ్రష్‌లెస్ మోటార్ సరైన భారం మీద నడిస్తే ముప్పావు వంతుకు పైగా శక్తిని ప్రొపెల్లర్‌కు అందిస్తుంది.

ఈ రెండు మార్పులూ విమానాల కోసం పుట్టినవి కావు. లిథియం సెల్స్‌ను చవక చేసింది మొబైల్ ఫోన్లు, లాప్‌టాప్‌లు. 2000 ప్రాంతంలో హాబీవాళ్లు పాత సీడీ డ్రైవుల్లోని మోటార్లు విప్పి, కొత్తగా తీగ చుట్టి, బలమైన అయస్కాంతాలు పెట్టి తమ విమానాలకు బిగించుకున్నారు. బయటి డబ్బా తిరిగే ఇప్పటి ‘ఔట్‌రన్నర్’ మోటార్లు ఇంతగా వ్యాపించడంలో ఆ ఇంటి ప్రయోగాల పాత్ర తక్కువేం కాదు.

## కేవీ అంటే బలం కాదు

మోటార్ మీద రెండు అంకెలు ఉంటాయి. 2212లో 22 అంటే లోపల తిరగకుండా ఉండే భాగం, స్టేటర్, వ్యాసం మిల్లీమీటర్లలో, 12 దాని ఎత్తు. ఎంత వేడి తట్టుకోగలదో స్థూలంగా చెప్పేది ఈ సైజే. రెండోది కేవీ. భారం లేనప్పుడు ఒక్కో వోల్టుకు మోటార్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో చెప్పే అంకె అది. 1000 కేవీ మోటార్‌కు 11 వోల్టులు ఇస్తే భారం లేకుండా 11,000 చుట్ల దగ్గర తిరుగుతుంది. అంకె పెద్దదైతే మోటార్ బలమైనదని చాలామంది అనుకుంటారు. నిజానికి అదే సైజు మోటార్‌లో కేవీ పెరిగితే ఒక్కో ఆంపియర్‌కు వచ్చే టార్క్ తగ్గుతుంది. చిన్న ప్రొపెల్లర్‌ను వేగంగా తిప్పడానికే అది పనికొస్తుంది.

అసలు చిక్కు ఇక్కడుంది. ప్రొపెల్లర్‌ను గాలిలో తిప్పడానికి కావలసిన శక్తి, చుట్ల వేగం రెండింతలైతే రెండింతలు కాదు, ఎనిమిది రెట్లు అవుతుంది. వేగం ఘనానికి తగ్గట్టు పెరుగుతుందన్నమాట. వ్యాసంతో ఇంకా ఎక్కువ, దాదాపు నాలుగో ఘాతానికి తగ్గట్టు. పిచ్‌తో (ఒక చుట్టుకు ప్రొపెల్లర్ ముందుకు జరగాల్సిన దూరంతో) మాత్రం మామూలు నిష్పత్తిలోనే పెరుగుతుంది.

పైన చెప్పిన కాంబోనే తీసుకుందాం. 1000 కేవీ మోటార్, 3ఎస్ బ్యాటరీ, 10 అంగుళాల వ్యాసం, 4.5 పిచ్ ఉన్న ప్రాప్. ఫుల్ థ్రోటిల్‌లో, అంటే మోటార్‌ను పూర్తిగా తిప్పినప్పుడు, ఇది దాదాపు 15 ఆంపియర్లు లాగుతుంది. భారం మీద వోల్టేజి 10.8కి తగ్గిందనుకుంటే 160 వాట్ల చిల్లర. ఆ సైజు మోటార్‌కు ఇదే హద్దు దగ్గర నడక. ఇప్పుడు 11×4.7 ప్రాప్ బిగిస్తే? 1.1ను నాలుగుసార్లు గుణిస్తే 1.46. పిచ్ తేడా కలిపితే 1.53. అదే వేగంతో తిప్పాలంటే సగానికి పైగా శక్తి అదనం. మోటార్ అంత వేగం అందుకోలేక కొంచెం నెమ్మదిస్తుంది కాబట్టి కరెంటు పూర్తిగా అంత పెరగదు. అయినా హద్దు దాటడానికి చాలు.

ప్రాప్‌ను అలాగే ఉంచి బ్యాటరీని 3ఎస్ నుంచి 4ఎస్‌కు మార్చినా అంతే. వోల్టేజి మూడింట ఒక వంతు పెరుగుతుంది. వేగం కూడా అంతే పెరిగితే శక్తి 2.37 రెట్లు, కరెంటు 1.78 రెట్లు. 15 ఆంపియర్లు 27కి చేరతాయి. తీగచుట్టలో పుట్టే వేడి కరెంటు వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది కాబట్టి మూడు రెట్లు దాటుతుంది. ఈఎస్‌సీ మీద 30 అని రాసి ఉంది కాబట్టి అది బతకొచ్చు. మోటార్ బతకదు. ‘30 ఆంపియర్ల ఈఎస్‌సీ పెట్టాను కదా, మోటార్ ఎందుకు కాలింది’ అన్న ప్రశ్న తరచూ వినిపిస్తుంది. ఈఎస్‌సీ అంకె అది ఎంత మోయగలదో చెబుతుంది తప్ప, మోటార్‌కు ఎంత పంపాలో నిర్ణయించదు.

అన్నిటికన్నా మోసపోయేది ఇంకో చోట. 2212 మోటార్లు 930, 1000, 1400, 2200 కేవీల్లో దొరుకుతాయి. బయటికి అన్నీ ఒకేలా ఉంటాయి. 2200 కేవీది ఆరంగుళాల ప్రాప్ కోసం చుట్టినది. చూడటానికి ఒకటే కదా అని దానికి పదంగుళాల ప్రాప్ బిగించి 3ఎస్ ఇస్తే, కాగితం లెక్కలో శక్తి పది రెట్లు దాటుతుంది. అర నిమిషంలో పొగ వచ్చే కేసుల్లో ఇదొక సాధారణ కారణం.

ఆ పొగ రాకముందే జరిగే నష్టం కూడా ఒకటి ఉంది. మామూలు గ్రేడు నియోడిమియం అయస్కాంతాలు 80 డిగ్రీల సెల్సియస్ దాటితే బలం కోల్పోవడం మొదలెడతాయి. చల్లారినా ఆ బలం పూర్తిగా తిరిగి రాదు. అయస్కాంతం బలహీనపడితే మోటార్ కేవీ పెరుగుతుంది. కేవీ పెరిగితే అదే ప్రాప్‌కు కరెంటు ఎక్కువ లాగుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. ‘నిన్నటిదాకా బాగానే ఎగిరింది, ఏమీ మార్చలేదు’ అనే ఫిర్యాదు వెనక ఈ చక్రం ఉండొచ్చు. కొన్ని వందల రూపాయల వాట్‌మీటర్‌ను బ్యాటరీకి, ఈఎస్‌సీకి మధ్య పెట్టి, విమానాన్ని గట్టిగా పట్టుకుని ఐదారు సెకన్లు ఫుల్ థ్రోటిల్ ఇస్తే చాలు, సంగతి బయటపడుతుంది. ప్రాప్ మార్చిన ప్రతిసారీ ఈ కొలత తప్పనిసరి. మోటార్ కన్నా వాట్‌మీటర్ చవక.

## ఈఎస్‌సీ లోపల దాగిన హీటర్

ఈఎస్‌సీ మూడు తీగల్లోకి కరెంటును వంతులవారీగా పంపి మోటార్‌ను తిప్పుతుంది. ఎప్పుడు ఏ తీగకు పంపాలో, ఖాళీగా ఉన్న మూడో తీగలో పుట్టే ఎదురు వోల్టేజిని చూసి తెలుసుకుంటుంది. అందుకే మూడు తీగల్లో ఏ రెండింటిని అటూఇటూ మార్చినా మోటార్ వెనక్కి తిరుగుతుంది, ఏ ప్రమాదమూ ఉండదు. బ్యాటరీ వైపు ఎరుపు, నలుపు తీగలు తారుమారైతే మాత్రం ఈఎస్‌సీ అక్కడికక్కడే పోతుంది.

ఇది కాక ఈఎస్‌సీకి ఇంకో పని ఉంది. రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవర్‌కు, సర్వోలకు 5 వోల్టులు ఇవ్వాలి. ఆ పని చేసే భాగాన్ని బీఈసీ అంటారు. చవక ఈఎస్‌సీల్లో ఇది లీనియర్ రకం. అంటే 12.6 వోల్టుల్లోంచి 5 తీసుకుని మిగతా 7.6 వోల్టులను వేడిగా తగలేస్తుంది. నాలుగు సర్వోలు కలిసి ఒక ఆంపియర్ లాగితే 7.6 వాట్ల వేడి. 4ఎస్ పెడితే అది దాదాపు 12 వాట్లు. గోరంత చిప్‌కు, ఫోమ్ బాడీ లోపల గాలి ఆడని చోట ఇది ఎక్కువే. లింకేజీ (సర్వోను పలకకు కలిపే కడ్డీ) బిగుసుకుని ఒక్క సర్వో జామ్ అయినా అదొక్కటే అర ఆంపియర్ దాటుతుంది.

వేడెక్కిన బీఈసీ తనను తాను ఆపుకుంటుంది. దాంతో రిసీవర్‌కు కరెంటు పోతుంది. కింద నిలబడ్డవాళ్లకు అది సిగ్నల్ పోయినట్టే కనిపిస్తుంది. రిమోట్‌ను తిట్టుకుని కొత్తది కొనేవాళ్లలో కొందరి అసలు సమస్య ఈ చిన్న చిప్పే. 4ఎస్‌కు మారాలనుకుంటే స్విచింగ్ రకం బీఈసీ పెట్టడం, బాడీలో గాలి వచ్చే రంధ్రం కన్నా పోయే రంధ్రం పెద్దదిగా ఉంచడం పెద్దగా ఖర్చు లేని జాగ్రత్తలు.

## రెండు వందల గ్రాముల ఖరీదు

ఎగిరే సమయం చాలడం లేదని పెద్ద బ్యాటరీ పెట్టడం అందరికీ వచ్చే ఆలోచన. దాని ఫలితం చూద్దాం. 1200 మిల్లీమీటర్ల రెక్క, 200 మిల్లీమీటర్ల వెడల్పు, మొత్తం బరువు 900 గ్రాములు ఉన్న ట్రైనర్ విమానం. హైదరాబాద్ సముద్ర మట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది. ఆ గాలిలో ఈ విమానం స్టాల్ అయ్యే వేగం గంటకు 28 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. అంతకన్నా నెమ్మదిస్తే రెక్క మీద గాలి అంటుకుని ఉండదు, విమానం పడిపోతుంది.

ఇప్పుడు బరువును 1100 గ్రాములు చేస్తే స్టాల్ వేగం 31 కిలోమీటర్ల దగ్గరికి వెళుతుంది. మూడు కిలోమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ దిగేటప్పుడు నేలకు తగిలే శక్తి బరువు మీద, వేగం వర్గం మీద ఆధారపడుతుంది కాబట్టి అది దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది. అదే ఫోమ్, అదే జిగురు ఆ దెబ్బను తట్టుకోవాలి. దానికోసం కార్బన్ రాడ్ వేస్తారు, టేపు చుడతారు, బరువు ఇంకా పెరుగుతుంది.

2200 ఎంఏహెచ్ ప్యాక్‌లో 80 శాతం, అంటే 1760 వాడుకుంటే, సగటున 10 ఆంపియర్ల మీద పదిన్నర నిమిషాలు వస్తాయి. కెపాసిటీ రెట్టింపు చేస్తే 20 నిమిషాలు రావు. అదనపు బరువును మోయడానికే సగటు కరెంటు పెరుగుతుంది. రెండో చిన్న బ్యాటరీ జేబులో ఉంచుకుని మార్చుకోవడమే నేర్చుకునే దశలో మేలు.

మోటార్ శక్తిని ఎంచుకోవడానికి కిలోకు వాట్ల లెక్క వాడతారు. నెమ్మదిగా తిరిగే ట్రైనర్‌కు కిలోకు 150 నుంచి 200 వాట్లు సరిపోతాయి. పల్టీలు కొట్టించాలంటే 220 పైన కావాలి. ప్రొపెల్లర్ మీద వేలాడుతూ నిలబడే 3డీ విమానాలకు 330 దాటాలి. పైన చెప్పిన 900 గ్రాముల విమానంలో 160 వాట్లు, అంటే కిలోకు 178, ట్రైనర్ హద్దులోనే ఉన్నాయి. బరువు 1100 అయిన మరుక్షణం అది 145కి పడిపోతుంది.

మొత్తం బరువు కన్నా అది ఎక్కడ ఉందన్నది ఇంకా ముఖ్యం. గురుత్వ కేంద్రం, హాబీ భాషలో సీజీ, దీర్ఘచతురస్రపు రెక్కకు ముందు అంచు నుంచి వెడల్పులో 25 నుంచి 33 శాతం మధ్య ఉండాలి. 200 మిల్లీమీటర్ల రెక్కకు 50 నుంచి 66 మిల్లీమీటర్లు. ముందుకు జరిగితే విమానం బద్ధకంగా ఎగురుతుంది. వెనక్కి జరిగితే స్టిక్ కదిపితే చాలు ఉలిక్కిపడుతుంది, ఇంకా వెనక్కి పోతే అసలు అదుపులోకే రాదు. చేతి నుంచి వదలగానే ముక్కెత్తి ఒరిగిపోయే విమానాల్లో మొదట అనుమానించాల్సింది దీన్నే.

తోక దగ్గర ఒక గ్రాముకు కూడా లెక్క ఉండేది ఇందుకే. సీజీకి 600 మిల్లీమీటర్ల వెనక 10 గ్రాముల రిపేర్ జిగురు చేరితే, 200 మిల్లీమీటర్ల ముందున్న ముక్కులో 30 గ్రాములు కలిపితేనే తూకం సరిపోతుంది. విరిగిన తోకను గ్లూ గన్‌తో ధారాళంగా అతికించాక అదే విమానం వేరే విమానంలా ప్రవర్తించడంలో వింతేమీ లేదు.

## ఫోమ్, బాల్సా, మన ఎండ

బాల్సా చెక్క ఎక్కువగా ఈక్వడార్ నుంచి వస్తుంది. గాలిమరల బ్లేడ్ల లోపల కూడా ఇదే చెక్కను వాడతారు. 2020 ప్రాంతంలో చైనాలో గాలిమరల నిర్మాణం ఒక్కసారిగా పెరగడంతో దీనికి ప్రపంచమంతా కొరత వచ్చింది, ధరలు ఎగబాకాయి. ఫోమ్ అప్పటికే చాలామంది చేతికి వచ్చింది. బాల్సా ఘనపు మీటరుకు 100 నుంచి 200 కిలోలు తూగితే, డెప్రాన్ లాంటి ఫోమ్ షీట్లు 40 కిలోల లోపే ఉంటాయి. బాల్సాకు మాత్రం గ్రాముకు గట్టిదనం ఎక్కువ, సన్నని ఆకారాలు నిలబడతాయి. ఈపీపీ ఫోమ్ గుద్దుకున్నా విరగకుండా వంగి మళ్లీ యథాస్థితికి వస్తుంది. నేర్చుకునేవాళ్లకు అంతకన్నా మంచిది దొరకడం కష్టం, కాకపోతే అది మెత్తన కాబట్టి రెక్కలో కార్బన్ రాడ్ తప్పదు.

స్టేషనరీ షాపులో దొరికే, రెండు వైపులా కాగితం అంటించిన ఫోమ్ బోర్డు వీటన్నిటికన్నా సులువైన దారి. దాని గట్టిదనమంతా ఆ కాగితంలోనే ఉంటుంది. గడ్డి మీద మంచుకు కాగితం తడిసి ఊడితే రెక్క మెత్తబడుతుంది, అంచులకు పారదర్శక టేపు వేసేది అందుకే. సైన్ బోర్డులకు వాడే సన్‌బోర్డు కూడా చూడటానికి ఇలాగే ఉంటుంది. అది పీవీసీ, చాలా బరువు. షాపువాళ్లు రెండూ ఒకటే అని ఇచ్చేస్తారు, చేత్తో ఎత్తి చూసుకోవాలి.

జిగురు విషయంలో మన వాతావరణం తన వాటా అడుగుతుంది. ఫెవిక్విక్ లాంటి సైనోయాక్రిలేట్ జిగుర్లు థర్మాకోల్, డెప్రాన్‌లను కరిగించేస్తాయి. ఫోమ్-సేఫ్ రకం వేరేగా దొరుకుతుంది. గ్లూ గన్ జిగురు క్షణాల్లో పట్టుకుంటుంది కానీ మే నెల మధ్యాహ్నం అద్దాలు మూసిన కారులో పెడితే మెత్తబడిపోతుంది. మోటార్ మౌంట్ దగ్గర ఇది మరీ ప్రమాదం. అక్కడ పక్క నుంచి మోటార్ వేడి, పై నుంచి ఎండ, దానికి తోడు లాగే బలం. ప్లైవుడ్ ముక్కను ఎపాక్సీతో అతికించి, స్క్రూలకు లాక్ ద్రవం పెట్టడమే అక్కడ నిలబడే పద్ధతి. వానాకాలంలో బాల్సా రెక్కలు తేమ పీల్చి మెలి తిరుగుతాయి. వెనక నుంచి కంటికి సమానంగా పట్టుకుని చూస్తే ఒక రెక్క వెనక అంచు కిందికి దిగి కనిపిస్తుంది. హీట్ గన్‌తో కవరింగ్‌ను వేడి చేస్తూ ఎదురు దిశలో మెలిపెట్టి సరిచేస్తారు.

ఎండకు గాలి పల్చబడి విమానం ఎగరదని ఒక మాట తిరుగుతుంటుంది. అందులో నిజం కొంతే. 20 డిగ్రీల ఉదయానికి, 42 డిగ్రీల మధ్యాహ్నానికి గాలి సాంద్రత తేడా 7 శాతం. స్టాల్ వేగంలో అది 4 శాతం లోపే. మోటార్, ఈఎస్‌సీ, బ్యాటరీ మూడూ 22 డిగ్రీలు ఎక్కువ వేడి నుంచి పరుగు మొదలుపెట్టడమే అసలు దెబ్బ.

## బ్యాటరీ ఎందుకు ఉబ్బుతుంది

లిపో సెల్ నిండితే 4.2 వోల్టులు, సగటు 3.7. భారం మీద 3.3 దగ్గర దించేయడం మంచిది, 3.0 కిందికి పోకూడదు. ఈ అంకెల వెనక రసాయనం ఉంది. నిండుగా ఛార్జ్ చేసి వదిలేస్తే, ఆ అధిక వోల్టేజి దగ్గర లోపలి ఎలక్ట్రోలైట్ నెమ్మదిగా విచ్ఛిన్నమై వాయువులు పుడతాయి. వేడి ఆ పనిని వేగం చేస్తుంది. మెత్తని కవరులో ఉన్న సెల్ కాబట్టి ఉబ్బుతుంది. మరీ కిందికి డిశ్చార్జ్ అయితే లోపలి రాగి రేకు కరిగి, మళ్లీ ఛార్జ్ చేసినప్పుడు ఎక్కడపడితే అక్కడ పేరుకుని, లోపలే షార్ట్ అయ్యే దారి ఏర్పడుతుంది. పూర్తిగా చచ్చిన ప్యాక్‌ను ‘లేపి’ వాడటం ఎందుకు ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఆదివారం ఎగరేద్దామని శనివారం రాత్రి ఛార్జ్ పెట్టడం, వాన పడి ప్రోగ్రాం రద్దవడం, బ్యాటరీ అలాగే నెల రోజులు అలమరాలో ఉండటం. ఎక్కువ ప్యాకులు పాడయ్యేది ఇలాగే. మంచి ఛార్జర్లన్నిటిలో ఉండే ‘స్టోరేజ్’ మోడ్ సెల్‌ను 3.8 వోల్టుల దగ్గర ఆపుతుంది. రెండు మూడు రోజుల్లో ఎగరేసే పని లేకపోతే అదే వాడాలి.

వయసు తెలుసుకోవడానికి కెపాసిటీ కన్నా అంతర్గత నిరోధం మంచి కొలత. కొత్త 3ఎస్ ప్యాక్‌లో మొత్తం 30 మిల్లీ ఓమ్‌లు ఉంటే 15 ఆంపియర్ల దగ్గర 0.45 వోల్టు పడిపోతుంది. అది 120కి చేరితే 1.8 వోల్టులు పడిపోతాయి, బ్యాటరీ లోపలే 27 వాట్లు వేడిగా మారతాయి. ‘ఫుల్ ఛార్జ్ చూపిస్తోంది, టేకాఫ్ కాగానే మోటార్ ఆగిపోతోంది’ అన్న కేసు ఇదే. వోల్టేజి పడిపోయేసరికి ఈఎస్‌సీ కటాఫ్ చేస్తుంది, థ్రోటిల్ తగ్గించగానే వోల్టేజి మళ్లీ లేస్తుంది. ఇక లేబుల్ మీది సీ రేటింగ్, కెపాసిటీకి ఎన్ని రెట్ల కరెంటు ఇవ్వగలదో చెప్పే అంకె. 2200 ఎంఏహెచ్, 25సీ అంటే 55 ఆంపియర్లని అర్థం. చవక ప్యాకుల్లో ఆ అంకెను అక్షరాలా నమ్మకుండా సగం దగ్గర లెక్క వేసుకోవడం మంచిది.

ఛార్జింగ్ 1సీ దగ్గర, అంటే ఈ ప్యాక్‌కు 2.2 ఆంపియర్లతో, బ్యాలెన్స్ తీగ (ఒక్కో సెల్‌ను విడిగా చూసి సమం చేసేది) తగిలించే జరగాలి. బ్యాలెన్స్ లేకపోతే మొత్తం 12.6 చూపిస్తున్నా లోపల రెండు సెల్స్ 4.3 దాటి, మూడోది 3.95 దగ్గర ఉండిపోవచ్చు. లిపో మంటలు పుట్టేది ఎక్కువగా ఛార్జింగ్‌లోనే, లేదా గుద్దుకుని నొక్కుకుపోయిన ప్యాక్‌ను మళ్లీ వాడినప్పుడే. పరుపు మీద, సోఫా మీద పెట్టి ఛార్జ్ చేయకూడదని వేరే చెప్పక్కర్లేదు. టైల్స్ గచ్చు మీద, పక్కన బకెట్‌లో ఇసుకతో, మనిషి దగ్గర ఉండగా చేయాలి.

ఉబ్బిన ప్యాక్‌ను ఉప్పు నీళ్లలో వేయమనే సలహా ఇంకా తిరుగుతోంది. ఉప్పు నీరు కనెక్టర్ దగ్గరి లోహాన్ని తినేస్తుంది. ఆ దారి తెగిపోయాక సెల్ లోపల శక్తి అలాగే మిగిలిపోవచ్చు. 12 వోల్టుల వాహనపు బల్బును తగిలించి, ఆరుబయట, పూర్తిగా ఆరిపోయేదాకా ఉంచి, ఆ తర్వాత ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వడం మేలు.

## సిగ్నల్ పోతే విమానం ఏం చేయాలి

2.4 గిగాహెర్ట్జ్ రేడియోలు వచ్చాక పాత రోజుల్లోలా ఒకరి రిమోట్ ఇంకొకరి విమానాన్ని పడేయడం దాదాపు ఆగిపోయింది. మన దేశంలో 2.4 నుంచి 2.4835 గిగాహెర్ట్జ్ మధ్య తక్కువ శక్తి పరికరాలకు 2005 నుంచే లైసెన్స్ అక్కర్లేదు. ఈ తరంగం పొడవు 12.5 సెంటీమీటర్లు. రిసీవర్ యాంటెన్నా చివర పైపొర తీసిన 31 మిల్లీమీటర్ల తీగ అందులో నాలుగో వంతు. పని చేసేది ఆ చిన్న ముక్కే. దాన్ని మడిచి కార్బన్ రాడ్‌కు ఆనించి టేపు వేస్తే రేంజ్ దారుణంగా పడిపోతుంది. రెండు యాంటెన్నాలుంటే ఒకదానికొకటి లంబంగా పెట్టాలి.

ఫెయిల్‌సేఫ్‌ను, అంటే సిగ్నల్ పోతే ఏం చేయాలో రిసీవర్‌కు ముందే చెప్పే సెట్టింగ్‌ను, చాలామంది పట్టించుకోరు. కొన్ని రిసీవర్లు సెట్ చేయకపోతే సిగ్నల్ పోయిన క్షణంలో ఉన్న స్థితినే పట్టుకుని కూర్చుంటాయి. ఫుల్ థ్రోటిల్‌లో సిగ్నల్ పోతే ఫుల్ థ్రోటిల్‌తోనే విమానం ఊరి మీదికి పోతుంది. థ్రోటిల్ సున్నా అయ్యేలా సెట్ చేసి, ప్రొపెల్లర్ విప్పి, రిమోట్ ఆపి, మోటార్ ఆగుతుందో లేదో చూసుకోవాలి. రిపేర్ తర్వాత ఎయిలరాన్ (రెక్క వెనక అంచున కదిలే పలక) దిశ తారుమారు కావడం అనుభవం ఉన్నవాళ్లకూ జరిగే పొరపాటే. స్టిక్ కుడికి తోస్తే కుడి ఎయిలరాన్ పైకి లేవాలి. ఎగరేసే ముందు ప్రతిసారీ ఇది చూసుకోవడానికి ఐదు సెకన్లు పడుతుంది.

## కట్టడం ఎందుకు పెరిగింది, ఎక్కడ ఎగరేయాలి

2022 ఫిబ్రవరి 9న కేంద్రం విదేశీ డ్రోన్ల దిగుమతిని నిషేధించింది. పూర్తి రూపంలోనైనా, విడదీసిన కిట్‌గానైనా తేకూడదు. పరిశోధన, రక్షణ లాంటి అవసరాలకు మాత్రం అనుమతితో మినహాయింపు. విడిభాగాలకు ఈ అడ్డు లేదు. మోటార్, ఈఎస్‌సీ, సర్వో, ఫ్లైట్ కంట్రోలర్ మార్కెట్లో దొరుకుతూనే ఉన్నాయి. కొనుక్కుని ఎగరేసే దారి ఇరుకై, కట్టుకునే దారి తెరిచి ఉన్నప్పుడు జనం ఎటు వెళతారో ఊహించడం కష్టం కాదు. ఆటోమోటివ్ ఇంజినీర్ల సంఘం ఎస్ఏఈ ఇండియా నిర్వహించే ఏరో డిజైన్ పోటీలు, ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లోని ఏరోమోడలింగ్ విద్యార్థులను ముందు నుంచే ఇటు నడిపిస్తున్నాయి.

2021 ఆగస్టు 25న నోటిఫై అయిన డ్రోన్ రూల్స్ 25 కిలోల లోపు ఉండి, చదువుకో, పరిశోధనకో, సరదాకో, కంటికి కనిపించే దూరంలో ఎగిరేవాటిని ‘మోడల్’గా గుర్తించాయి. వీటికి టైప్ సర్టిఫికెట్ అక్కర్లేదు. 2 కిలోల లోపువాటిని వ్యాపారం కోసం కాకుండా ఎగరేస్తే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కూడా అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ మాత్రం సాధారణ నియమం. స్పష్టంగా మినహాయింపు రాసిన చోటే మినహాయింపు, కాబట్టి తాజా సవరణలు చూసుకోవాలి. అధికారిక మ్యాప్‌లో ఆకుపచ్చగా చూపే గ్రీన్ జోన్‌లో 400 అడుగుల వరకు ముందస్తు అనుమతి అవసరం లేదు. విమానాశ్రయం ప్రహరీ నుంచి 8, 12 కిలోమీటర్ల మధ్య ఆ పరిమితి 200 అడుగులు. ఇంకా దగ్గరికి పోతే అనుమతి లేకుండా కుదరదు.

హైదరాబాద్‌లో చిక్కంతా ఇక్కడే. శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్ విమానాశ్రయాలు, వైమానిక స్థావరాలు నాలుగూ నగరం లోపలా, చుట్టూ ఉన్నాయి. మ్యాప్ మీద వీటి చుట్టూ వలయాలు గీస్తే నగరంలో ఖాళీ జాగా పెద్దగా మిగలదు. విశాఖలో విమానాశ్రయమే నౌకాదళం చేతిలో ఉంది. కాలేజీ గ్రౌండ్ ఎంత విశాలంగా ఉన్నా అది ఏ రంగులో ఉందో అధికారిక మ్యాప్‌లో చూడకుండా ఎగరేయడం కేసు దాకా తెచ్చుకోవడమే. 900 గ్రాముల ఫోమ్ విమానమైనా చట్టం దృష్టిలో గాలిలో ఉన్నది మానవరహిత విమానమే.

అమెరికాలో చదువుకుంటూ ఈ సరదా మొదలుపెట్టే మన పిల్లలకు లెక్క వేరు. అక్కడ సరదాకు ఎగరేసే ఎవరైనా ట్రస్ట్ అనే ఉచిత ఆన్‌లైన్ పరీక్ష రాయాలి. 250 గ్రాములు దాటితే అక్కడి విమానయాన సంస్థ ఎఫ్ఏఏ దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి, విమానం తన గుర్తింపును రేడియోలో ప్రసారం చేసే రిమోట్ ఐడీ ఉండాలి. రిమోట్ ఐడీ లేని విమానాన్ని ఎగరేయడానికి కొన్ని క్లబ్బు మైదానాలకు గుర్తింపు ఇచ్చారు. సెలవులకు వచ్చేటప్పుడు బ్యాటరీలు తెచ్చేవాళ్లు వాటిని చెక్-ఇన్ సూట్‌కేస్‌లో పెట్టకూడదు. విడి లిథియం బ్యాటరీలు చేతి సామానులోనే, కనెక్టర్లకు టేపు చుట్టి తేవాలి. మామూలు హద్దు 100 వాట్ అవర్లు. 2200 ఎంఏహెచ్ 3ఎస్ ప్యాక్ 24.4 మాత్రమే కాబట్టి ఆ హద్దులోనే ఉంటుంది. ప్యాక్ మీద వాట్ అవర్ల అంకె ముద్రించి ఉందో లేదో ముందే చూసుకుంటే సెక్యూరిటీ దగ్గర టెన్షన్ ఉండదు.